కొండను చీల్చిన చేతులు



మన పల్లెలలో ఏ ఇంటికి వెళ్లినా బంగారము మాట రాక మానదు. ఆడపిల్ల పుట్టిన రోజు నుండే తల్లి మనసులో లెక్క మొదలవుతుంది. పంట బాగా వచ్చిన ఏడు అర కాసో, కాసో కొంటారు. వాన మొగము చాటేసిన ఏడు అదే కాసు బ్యాంకులో తాకట్టుకు పోతుంది. కోస్తావారు కాసులలో చెప్పినా, తెలంగాణవారు తులాలలో చెప్పినా లెక్క మాత్రము అందరికీ కంఠతా వచ్చు. అయితే ఈ కాసు భూమిలో నుండి పైకి ఎలా వచ్చింది, ఎవరు తీశారు అని అడిగేవారు తక్కువ. కంసాలి ఇచ్చాడు అంటాము. కంసాలికి ఎవరిచ్చారు అని ఆలోచించము.

అందుకని ఈ నెల ఒక గని కథ చెప్పుకుందాము. అది మన దేశములోనిది కాదు, జపాను దేశములోని సాదో అనే ద్వీపములోనిది. అయితే ఆ గనికి లోకమంతటి గుర్తింపు మన ఢిల్లీ నగరములోనే దొరికింది. 2024 జూలై నెలలో యునెస్కో ప్రపంచ వారసత్వ కమిటీ 46వ సమావేశము న్యూఢిల్లీలో జరిగింది. ఆ కమిటీ మన దేశములో కూడుకొనుట అదే మొదటిసారి. అస్సాములోని అహోము రాజుల సమాధి దిబ్బలకు గౌరవము దక్కినది ఆ సమావేశములోనే. ఆ మరునాడు, అనగా జూలై 27న, సాదో ద్వీపపు బంగారు గనులను కూడా పట్టికలో చేర్చారు. ఆ చేర్చుట సాఫీగా జరగలేదు. ఎందుకు జరగలేదో తెలిస్తేనే ఈ కథలోని అసలు సంగతి మనకు తెలుస్తుంది.

సాదో జపానుకు పడమటి వైపు సముద్రములో ఉన్న పెద్ద ద్వీపము. నీగాతా రేవు నుండి కార్లు ఎక్కించుకొని పోయే ఓడలో రెండున్నర గంటల ప్రయాణము. ఇప్పుడు అక్కడ ఉన్న జనము యాభై వేలకు అటూ ఇటూ. పూర్వము రాజులకు కోపము వస్తే మనుషులను ఆ ద్వీపానికి పంపివేసేవారు. 1221లో జుంతోకు అనే చక్రవర్తినే అక్కడికి వెళ్లగొట్టారు. ఆయన తిరిగి రాలేదు. 1271లో నిచిరెన్ అనే బౌద్ధ గురువును, 1434లో జెయామి అనే పేరుగల నాటక కర్తను పంపారు. ఒకప్పుడు ఎవరూ కోరి వెళ్లని ఆ చోటికే, బంగారము బయటపడిన తరువాత వేలమంది పరుగెత్తుకొని వెళ్లారు.

మొదట దొరికినది కొండ రాతిలోని బంగారము కాదు, మట్టిలోని బంగారము. ద్వీపములోని నిషిమికావా అనే చోట కొండవాలులోని మట్టిని త్రవ్వి క్రింద పోసేవారు. దూరము నుండి కాలువలు త్రవ్వి నీరు తెచ్చి, పైన చెరువులలో నిలువచేసి, ఒక్కసారిగా తూము ఎత్తివేసేవారు. నీటి వేగానికి మట్టి, గులకరాళ్లు కొట్టుకొనిపోయి, బరువైన బంగారు రేణువులు అడుగున నిలిచేవి. చేటలో బియ్యము గాలించి రాళ్లు వేరుచేసే మన అక్కలకు ఈ పని వివరించి చెప్పనక్కరలేదు.

తరువాత 1542లో త్సురుషి అనే చోట వెండి గని తెరిచారు. 1601లో ఐకావా కొండలో బంగారము, వెండి కలిసి ఉన్న పెద్ద రాతి చారలు బయటపడ్డాయి. ఆ ముందటి ఏడే సెకిగహారా యుద్ధములో గెలిచిన తొకుగావా ఇయెయాసు సాదోను తన సొంత అధికారము క్రిందికి తీసుకున్నాడు. 1603లో ఓకుబో నాగయాసు అనే అధికారిని దాని మీద నియమించాడు. చేపలు పట్టుకొనే చిన్న పల్లె కొద్ది ఏండ్లలోనే నలభై, యాభై వేలమంది ఉండే పట్టణమైనదని చరిత్రకారుల అంచనా. రాళ్లు కొట్టేవారు, కొయ్యపనివారు, కమ్మరులు, బొగ్గులు కాల్చేవారు, వ్యాపారులు, ఆటపాటలవారు అందరూ అక్కడికి చేరారు. ఆ కాలములో ఏడాదికి 400 కిలోల బంగారము, 40 టన్నుల వెండి తీశారని చెప్పుదురు. తొకుగావా వంశము రెండున్నర శతాబ్దాలు దేశాన్ని ఏలిందంటే వారి ఖజానాకు సాదో ఒక పెద్ద ఆసరా.

ఆ గని గుర్తుగా ఇప్పటికీ ఒక కొండ నిలిచి ఉన్నది. దాని పేరు దోయూ నో వారితో. బంగారపు చార కొండ శిఖరములోనే కనబడగా, పైనుండి త్రవ్వుకుంటూ దిగారు. చివరకు గొడ్డలితో కొబ్బరికాయను పగులగొట్టినట్లు కొండ రెండుగా చీలిపోయింది. ఆ చీలిక వెడల్పు సుమారు 30 మీటర్లు, లోతు సుమారు 74 మీటర్లు. మొదట దానిని చీల్చినది యంత్రాలు కావు, మందుగుండు కాదు. ఉలి, సుత్తి పట్టుకున్న మనుషుల చేతులు. చూడవచ్చినవారు దాని ఎదుట నిలబడి ఫోటోలు తీసుకుంటారు. అంత పెద్ద గుర్తును కొండ మీద విడిచిపోయినవారిలో ఎక్కువమంది పేర్లు ఎవరికీ తెలియవు.

ఇక లోపలి సంగతి. పైన దొరికినది అయిపోగానే సొరంగాలు త్రవ్వవలసి వచ్చింది. బంగారము ముద్దలుగా దొరకదు. తెల్లని పలుగురాతి చారలలో కంటికి కనిపించని రేణువులుగా దాగి ఉంటుంది. ఆ చార ఎటు పోతే మనిషి అటు పోవాలి. ఒక్కొక్క చోట వంగి, ఒక్కొక్క చోట ప్రాకి వెళ్లాలి. వెలుతురుకు నూనె దీపము. ఆ దీపపు పొగకు, జనము ఊపిరికి లోపల గాలి చెడిపోయేది. మంచి గాలి లోపలికి పంపుటకు వారు వాడిన సాధనము ఏమిటో తెలుసునా? ధాన్యము తూర్పార పట్టే చేతి యంత్రము! కళ్లములో పొల్లు ఎగరగొట్టే పనిముట్టును సొరంగములో ఊపిరి పోయుటకు వాడారు. కష్టపడేవాని తెలివి ఎక్కడైనా ఒకటే.

గాలికంటె పెద్ద శత్రువు నీరు. సముద్ర మట్టము దగ్గరకు త్రవ్వేకొద్దీ ఊట ఎక్కువయ్యేది. తోడకపోతే ఒక్క రాత్రిలో పని చోటు మునిగిపోతుంది. మొదట బకెట్లతో తోడారు. 17వ శతాబ్దము మధ్యలో ఒక పొడవైన కొయ్య గొట్టము వచ్చింది. దాని లోపల మరమేకుకు ఉన్నట్లు చుట్లు ఉంటాయి. వాలుగా పెట్టి పైన పిడి త్రిప్పితే నీరు చుట్టు వెంబడి చుట్టు ఎక్కి పైకి వస్తుంది. గ్రీకు పండితుడు ఆర్కిమెడీసు పేరుతో పిలువబడే సాధనము అది. గనిలో పనికి వచ్చినది చూచి ఆ ద్వీపపు రైతులు దానిని పొలాలకు నీరు పెట్టుటకు కూడా వాడుకున్నారు.

అదియు చాలలేదు. అప్పుడు ఒగివారా షిగెహిదె అనే అధికారి కాలములో ఒక సాహసము చేశారు. గనిలో నీరు దానంతట అదే సముద్రములోకి పారిపోవునట్లు క్రిందుగా మినామిజావా అనే సొరంగము తలపెట్టారు. 1691లో మొదలుపెట్టి 1696లో ముగించారు. దాని పొడవు సుమారు ఒక కిలోమీటరు. త్వరగా పూర్తికావాలని ఒకేసారి అనేక చోట్ల నుండి ఎదురెదురుగా త్రవ్వుకుంటూ వచ్చారు. ఈనాటి సర్వే పరికరాలు ఏవీ లేని కాలములో, కొండ కడుపులో, చీకటిలో ఆ ముక్కలన్నీ సరిగా కలిసాయి. మూడు వందల ఏండ్లు దాటినా ఆ సొరంగము గుండా గని నీరు నేటికీ సముద్రానికి పారుతూనే ఉన్నది.

పైకి తెచ్చిన రాయిని సుత్తులతో చిన్నవిగా కొట్టి, తిరగలిలో వేసి పిండి చేసేవారు. ఆ పిండిని నీటిలో గాలించి, వాలుబల్లల మీద పారించి, లోహము ఉన్న బరువు పొడిని వేరు చేసేవారు. ఈ పనులలో స్త్రీలు కూడా ఉన్నారని ఆనాటి బొమ్మల చుట్టలు చూపుతున్నాయి. గని పని మొదటి నుండి చివరి వరకు వరుసగా గీసిన ఇటువంటి చుట్టలు వందకు పైగా నిలిచి ఉన్నాయి. తరువాత ఆ పొడిని సీసముతో కలిపి కరగించేవారు. బంగారము, వెండి రెండూ సీసములోకి చేరుతాయి. సీసమును బూడిద పీల్చుకోగా ఆ రెండూ మిగులుతాయి. చివరకు ఉప్పు కలిపి కాల్చి, వెండిని బంగారము నుండి విడదీసేవారు. కోబాన్ అనే అండాకారపు బంగారు నాణెములను కూడా ఆ ద్వీపములోనే తయారు చేశారు.

ఇక్కడ ఒక లెక్క చెప్పుకుందాము. 1601 నుండి 1989 వరకు 388 ఏండ్లలో ఈ గని ఇచ్చినది 78 టన్నుల బంగారము, 2,330 టన్నుల వెండి. 78 టన్నులంటే 78 లక్షల తులాలు. దానికోసము కొండలో నుండి తీసిన ముడిరాయి దాదాపు కోటిన్నర టన్నులు. సగటున టన్ను రాయికి 5 గ్రాములు కొద్దిగా దాటి దొరికినట్లు. అనగా ఒక్క కాసు బంగారము కావాలంటే టన్నున్నర రాయి కొట్టి, మోసి, పిండి చేయాలి. సొరంగాలన్నిటి పొడవు కలిపితే సుమారు 400 కిలోమీటర్లు. మన విజయవాడలో రైలెక్కి విశాఖపట్టణము దాటిపోయేంత దూరము మనుషులు రాతిలో దారి చేశారు.

ఇంత పని చేయుటకు ఇష్టపడి వచ్చినవారు చాలనప్పుడు ఏమి జరిగింది? 1778 నుండి ప్రభుత్వము ఎదో, ఒసాకా, నాగసాకి నగరాలలో తిరిగే నిలువ నీడ లేనివారిని పట్టి సాదోకు పంపుట మొదలుపెట్టింది. ఎదో అనగా ఇప్పటి టోక్యో. వీరిని ముషుకు అన్నారు, అనగా ఊరి లెక్కలో పేరు లేనివారు. కరవు వచ్చి పల్లె విడిచినవారు, అప్పుల వలన ఇల్లు విడిచినవారు, ఇంటివారు కాదన్నవారు వీరిలో ఉండేవారు. పట్టణములో అల్లరి పెరుగుతుందని భయపడి, నేరము రుజువు కాని వారిని కూడా పట్టుకున్నారు. బుట్టల వంటి బోనులలో కూర్చుండబెట్టి కొండల మీదుగా మోయించి, ఓడ ఎక్కించి గనికి చేర్చారు. వారి పని రాత్రింబవళ్లు వంతులవారీగా నీరు తోడుట. తొకుగావా పాలన ముగియు వరకు ఇట్లు పంపబడినవారు 1,800 మందికి పైగా ఉన్నారు. వారిలో 28 మందికి సమాధి రాయి ఒకటి ఆ కొండ దగ్గర ఉన్నది. మిగిలినవారికి అదియు లేదు.

పల్లె పాఠకులారా, ఊరి లెక్కలో పేరు లేకపోవుట అంటే ఏమిటో మనకు కొత్త కాదు. రేషను కార్డులో పేరు లేనివాడు, ఓటరు జాబితాలో పేరు లేనివాడు, పని చోట హాజరు పట్టీలో పేరు లేనివాడు మన మధ్య ఎంతమంది! పేరు లేనివానికి ఏమి జరిగినా అడిగేవాడు ఉండడు. ఆ కొండలో జరిగినది అదే.

ఆ ద్వీపములో క్రైస్తవుల గుర్తు కూడా ఒకటి ఉన్నది. తొకుగావా ప్రభుత్వము 1614లో క్రైస్తవ మతమును దేశమంతటా నిషేధించింది. ఆ నిషేధపు పలకలను తీసివేసినది 1873లో మాత్రమే. ఈ మధ్యకాలములో విశ్వాసులు కొందరు దాగి జీవించుటకు మారుమూల గనులకు పోయేవారు. గనిలో చేయి చేసుకొనేవానిని ఎవడవు, ఎక్కడివాడవు అని అడుగుట తక్కువ. ఐకావా పోయే పాత దారిలో నకయామా కనుమ దగ్గర ఒక దిబ్బను క్రైస్తవుల దిబ్బ అని పిలుస్తారు. 1637లో షిమబారా తిరుగుబాటు లేచిన తరువాత వందమంది క్రైస్తవులను అక్కడ చంపి పాతిపెట్టారని ఆ ప్రాంతపువారు తరతరాలుగా చెప్పుకుంటారు. వారి పేర్లు కూడా లేవు.

ఇక రోగము సంగతి. పలుగురాయి కొట్టినప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో దిగి, ఇక బయటకు రాదు. లోపల కండ గట్టిపడిపోయి మనిషికి ఆయాసము పట్టుకుంటుంది. నాలుగు అడుగులు వేస్తే తూలిపోతాడు. అందుకే జపాను గనివారు ఆ జబ్బును యొరోకె, అనగా తూలుట, అని పిలిచారు. వైద్యులు దీనిని సిలికోసిస్ అంటారు. పోయిన ఊపిరితిత్తిని బాగుచేసే మందు నేటికీ లేదు. జాగ్రత్త ఒక్కటే మందు. రాళ్ల క్రషర్లలో, పలుగురాతి పొడి మిల్లులలో పనిచేసే మన బిడ్డలకు ఇదే అపాయము ఉన్నది. రాయి మీద నీరు చల్లి పని చేయించమని, మంచి మాస్కు ఇమ్మని అడుగుట వారి హక్కు. దగ్గు విడువకపోతే క్షయ అని ఊరికే మందులు మింగక, ఏ పని చేస్తున్నారో డాక్టరుకు తప్పక చెప్పాలి. చాలామంది చెప్పరు, డాక్టరు అడగరు.

1868లో జపానులో పాలన మారింది. కొత్త ప్రభుత్వము పాశ్చాత్య ఇంజనీర్లను రప్పించింది. 1877లో ఓదతె అనే నిలువు బావి త్రవ్వారు. జపాను లోహపు గనులలో పాశ్చాత్య పద్ధతి నిలువు బావి అదే మొదటిది. 1896లో గనిని మిత్సుబిషి సంస్థకు అమ్మారు. 1937లో చైనాతో యుద్ధము మొదలైన తరువాత విదేశాలలో సామగ్రి కొనుటకు బంగారము అవసరము పెరిగి, కితజావా అనే చోట ముడిరాయిని శుద్ధిచేసే పెద్ద కర్మాగారము నడిపారు. దాని కాంక్రీటు గోడలు ఇప్పుడు తీగలు అల్లుకొని పాత కోటవలె కనిపిస్తాయి.

యుద్ధములో జపాను యువకులు సైన్యానికి పోగా గనిలో చేతులు తక్కువయ్యాయి. అప్పటికి కొరియా దేశము 1910 నుండి జపాను క్రింద ఉన్నది. 1939 నుండి 1945 వరకు సుమారు 1,500 మంది కొరియావారిని సాదో గనికి తెచ్చారు. మొదట కూలీకి పిలుస్తున్నాము అన్నారు, తరువాత ప్రభుత్వమే పోగుచేసి పంపింది, 1944 నుండి చట్టము చేతపట్టుకొని పిలిచారు. రాతికి రంధ్రాలు వేయుట, లోపల కొయ్య ఆధారాలు నిలుపుట వంటి అపాయకరమైన పనులకు జపానువారికంటె వీరినే ఎక్కువగా పెట్టారు. పారిపోయినవారు ఉన్నారు, పట్టుబడినవారు ఉన్నారు. వారి పేర్లు కొన్ని ఎక్కడ మిగిలాయో చూడండి. వారు ఉండిన వసతిగృహాలలో పొగాకు రేషను పంచిన లెక్క పుస్తకములలో! వారిని తలచుకొనుటకు ఎవరూ వ్రాయలేదు. బీడీలెక్కకోసము వ్రాసిన కాగితమే వారికి సాక్ష్యమైనది.

1989 మార్చిలో గని మూతపడింది. ఇప్పుడు అది చూడవచ్చే చోటు. టిక్కెట్టు కొని సోదాయూ అనే పాత సొరంగములోకి దిగవచ్చు. బయట ఎండాకాలమైనా లోపల సుమారు 10 డిగ్రీల చలి. రాయి కొట్టేవారు, నీరు తోడేవారు, దీపము పట్టుకున్నవారు మనుషుల ఎత్తు బొమ్మలుగా నిలిచి, యంత్రముతో చేతులు కదుపుతారు. మరొక దారిలో యంత్రాల కాలపు పట్టాలు, బండ్లు చూడవచ్చు. ఒకప్పుడు మనుషులను బోనులో పెట్టి తెచ్చిన చోటికి ఇప్పుడు కుటుంబాలు సెలవులలో పిల్లలతో వస్తాయి. అది తప్పని మేము అనము. మూతపడిన గని పాడుపడిపోవుటకంటె పదిమంది వచ్చి చూచి నేర్చుకొనుట మంచిది. ద్వీపములో నాలుగు కుటుంబాలకు అన్నము కూడా దొరుకుతుంది.

అయితే ఏమి చూపాలి, ఏమి దాచాలి అన్నదే పేచీ. జపాను తన దరఖాస్తులో గని గొప్పదనమును 16వ శతాబ్దము నుండి 19వ శతాబ్దము మధ్య వరకే చెప్పింది. యంత్రాలు లేని కాలములో చేతులతో చేసిన నైపుణ్యము అన్నది దాని మాట. అందులో అబద్ధము లేదు. కాని ఆ గీత దగ్గర కథ ఆపితే కొరియావారి ఏండ్లు బయటపడిపోతాయి. కొరియా అభ్యంతరము చెప్పింది. గని చరిత్ర అంతా చూపవలెనని యునెస్కోకు సలహా ఇచ్చే నిపుణుల సంస్థ కూడా 2024 జూన్‌లో చెప్పింది. చివరకు జపాను ఒప్పుకొనగా కొరియాయు ఢిల్లీలో అడ్డు చెప్పలేదు. ఆ మరునాడే ఐకావా మ్యూజియములో కొరియా కార్మికుల విషయమై ఒక గది తెరిచారు. కఠినమైన పని, అపాయము, పారిపోవుట అన్నీ అక్కడ వ్రాశారు. బలవంతముగా అనే మాట మాత్రము వ్రాయలేదు. 2024 నవంబరు 24న జరిపిన స్మారక కూటమునకు కొరియా రాలేదు. మరునాడు వారు తమ కార్మికులు ఉండిన వసతిగృహము స్థలములో వేరుగా కూడుకొని తలచుకున్నారు. చనిపోయినవారు ఒక్కరే, ఏడ్చే కూటములు రెండు!

ఒక్క మాటకోసము ఇంత పట్టుదల దేనికి అని కొందరు అనవచ్చు. కష్టపడినవాని కొడుకుకు ఆ ఒక్క మాటే ఆస్తి. తండ్రి ఇష్టముతో కూలికి పోయాడా, ఈడ్చుకొని పోబడ్డాడా అన్నది వానికి చిన్న సంగతి కాదు. జపానులోని సామాన్యులు, ఉపాధ్యాయులు, మతపెద్దలు కొందరు దశాబ్దాల క్రితమే ఈ సంగతులు వెదకి, కొరియాకు వెళ్లి, బ్రతికియున్నవారి మాటలు వ్రాసుకున్నారు. తమ దేశపు తప్పును తామే వెదకినవారు వారు. అటువంటివారు ఉన్నచోట సమాధానానికి దారి ఉంటుంది.

మన దగ్గరి గని సంగతి కూడా ఒక్క మాట. కోలారు బంగారు గనులను 1880లో జాన్ టేలర్ కంపెనీ చేతపట్టింది. మూడు కిలోమీటర్లకు మించి లోతు త్రవ్వారు. చిత్తూరు జిల్లా నుండి తెలుగువారు, తమిళ దేశము నుండి తమిళులు అక్కడికి పోయి తరతరాలు పనిచేశారు. వారి ప్రార్థన మందిరాలు ఇప్పటికీ ఉన్నాయి. 2001 ఫిబ్రవరి 28న గని మూశారు. కుప్పము దగ్గరి చిగురుగుంట, బిసానత్తము గనుల పని కూడా 2001లో ఆగింది. ఇప్పుడు కోలారు గనుల ఊరివారు వేలమంది తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనికి పోయి రాత్రికి తిరిగి వస్తారు. గుట్టలుగా పోసిన సయనైడు మట్టి ఎండాకాలములో గాలికి లేచి ఇండ్లలో పడుతుంది. బంగారము ఎక్కడెక్కడికో పోయింది, మట్టి మాత్రము పనిచేసినవారి వాకిట మిగిలింది. ఆ తెలుగు కుటుంబాలలోని ముసలివారు ఇంకా కొందరు ఉన్నారు. వారి మాటలు వ్రాసుకొనుటకు ఎక్కువ కాలము లేదు.

సాదోలో మరొక సంగతి మా మనసుకు ఎంతో నచ్చింది. గనికి వచ్చిన వేలమందికి అన్నము కావాలి గనుక రైతులు కొండవాలులను మెట్లుమెట్లుగా చదునుచేసి వరి మళ్లు చేశారు. గని మూతపడింది, మళ్లు మాత్రము ఉన్నాయి. ఆ మళ్లలో తోకి అనే కొంగజాతి పక్షి తిరిగేది. పురుగుమందులు, వేట వలన అది తరిగిపోయి, 1981లో మిగిలిన అయిదింటిని పట్టి పెంచవలసి వచ్చింది. 2003లో జపానులో పుట్టిన ఆఖరిది కూడా చనిపోయింది. అయితే 1999లో చైనా ఒక జతను కానుకగా ఇచ్చింది. దాని సంతతిని పెంచి 2008లో మళ్లీ పొలాలలోకి విడిచారు. రైతులు మందులు తగ్గించారు, చలికాలములో కూడా మడిలో నీరు నిలిపి పక్షికి మేత ఉండనిచ్చారు. ఇప్పుడు వందల పక్షులు అక్కడ ఎగురుతున్నాయి. 2011లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆ సాగు పద్ధతిని లోకానికి వారసత్వముగా గుర్తించింది. బంగారము తీసినకొద్దీ తరిగిపోయింది. అన్నము పెట్టే మడి మాత్రము నాలుగు వందల ఏండ్ల తరువాత కూడా పండుతున్నది.

యోబు గ్రంథము 28వ అధ్యాయము చదివినవారికి గని పని క్రొత్త సంగతి కాదు. వెలుగు లేని చోటికి మనిషి దిగుట, త్రాళ్లకు వ్రేలాడుట, కొండలను వేరులతో తలక్రిందు చేయుట, నీటి ఊటలను కట్టివేయుట అన్నీ అందులో ఉన్నాయి. అంత చేయగలిగినవాడు జ్ఞానమును మాత్రము ఏ గనిలోనూ త్రవ్వి తీయలేడని అక్కడి సారాంశము. ఐకావా కొండ ఎదుట నిలబడితే ఆ రెండు మాటలూ నిజమేనని ఒప్పుకొనవలసి వస్తుంది. రాతిలో కంటికి కనిపించని రేణువును వెదకి పట్టుకున్నవారు, ప్రక్కన నీరు తోడే మనిషిని చూడలేకపోయారు.

ఈ నెల ప్రతి కుటుంబము చేయదగిన చిన్న పని ఒకటి చెప్పి ముగిస్తాము. మన మందిరాలలో శంకుస్థాపన రాయి ఉంటుంది. దాని మీద ప్రారంభించిన పెద్దల పేర్లు, చందా ఇచ్చినవారి పేర్లు ఉంటాయి. రాయి కొట్టినవారు, సున్నము నూరినవారు, తల మీద ఇటుకలు మోసిన స్త్రీల పేర్లు ఉండవు. సంఘములో డెబ్బది, ఎనుబది ఏండ్ల తాతలు, అవ్వలు ఉంటే వారి దగ్గర పిల్లలను కూర్చుండబెట్టండి. మందిరము కట్టినప్పుడు ఎవరెవరు పనిచేశారో, ఊరి చెరువు త్రవ్వినప్పుడు ఎవరు మట్టి మోశారో, పని కోసము ఊరు విడిచి పోయి తిరిగి రానివారు ఎవరో అడిగించండి. ఒక నోటు పుస్తకములో ఊరు, పేరు, చేసిన పని, ఏడు వ్రాయించండి. ఆ పుస్తకమును మందిరపు బీరువాలో రిజిష్టర్ల ప్రక్కన భద్రపరచండి. రాయి మీద చెక్కించుటకు డబ్బు కావాలి. పుస్తకములో వ్రాయుటకు ఒక కలము, ఓపికగా వినే ఒక పిల్లవాడు చాలు.